అన్నది కోత, నాది మూడు చిల్లులు

మా అన్న మాసయ్య చేసింది ఊరంతా మరిచినా నేను మరువను. ఆయన మొదటి తప్పు ఏమిటంటే, వాకిట్లో మంచం వేసుకుని, లుంగీ అంచు జరిపి, వచ్చినవాళ్ళకల్లా తన కుట్లు చూపించడం.

వనపర్తి డాక్టరు ఆయన కుడి గజ్జ మీద నాలుగు వేళ్ళ పొడవున కోసి, జారిన పేగును లోపలికి నెట్టి, వల లాంటి జాలి వేసి కుట్టాడు. నాకు కర్నూలులో పొట్టకు మూడు చిల్లులు పెట్టి, కెమెరా దూర్చి, అలాంటి జాలే రెండు వైపులా పరిచారు. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములం. ఇద్దరికీ ఒకే జబ్బు. ఆపరేషన్లు కూడా ఒకే వారంలో అయ్యాయి. కానీ ఊరి కంటికి ఆయన రోగి, నేను నాటకాలోణ్ణి.

"అయ్యో, ఎంత కోసిన్రు మాసన్నా!" అని పొరుగింటి భీమమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తెచ్చిన నాటుకోడి గుడ్లు ఆయన తల దగ్గర పెట్టింది.

నాకు మండింది. అంగీ పైకెత్తి ముందుకు వచ్చాను.

"నాది గూడ జర చూడు పెద్దమ్మా."

ఆమె వంగి, కళ్ళు చికిలించింది. "ఏడ?"

"ఇగో, బొడ్డు కింద ఒకటి. దాని కింద ఇంకో రెండు."

"గవా? మా మనవనికి దోమలు గంతకంటె పెద్దగ కుట్టినయి గదరా శాంతయ్యా!"

వాకిలంతా నవ్వింది. అన్న మాత్రం గజ్జ మీద అరచెయ్యి అదుముకుని, "నన్ను నవ్వియ్యకుండ్రి, కుట్లు గుంజుతున్నయి" అన్నాడు. ఆ మాటకు మళ్ళీ అందరికీ ఆయన మీద జాలి.

మా ఆవిడ విజయమ్మ ఊరుకోలేదు. చాటలో బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అంది: "బావ ఇంకా మంచం దిగలేదు. మాయన నిన్ననే సైకిలెక్కి గద్వాల రోడ్డు దాక పోయొచ్చిండు. ఎవరి ఆపరేషన్ మంచిదో గా సైకిల్ నడుగుండ్రి."

"సైకిలెక్కితే అయిపోయిందా?" అని మా వదిన హన్మమ్మ లోపలి నుంచి అందుకుంది. "మూడు చిల్లుల కోసం కర్నూలు దాక పోవాల్నా? వనపర్తిల గయితే అందరికీ తెలిసిన డాక్టరు. మంచిగ కోసి, కండ్లతోని చూసి కుట్టిండు."

"అక్కా, కర్నూల్ల గూడ కండ్లతోనే చూసిన్రు. టీవీల చూసిన్రు" అంది విజయమ్మ.

"టీవీల చూసుకుంట ఎవడన్న నాగలి దున్నుతడా?" అన్నాడు అన్న.

మళ్ళీ నవ్వులు. అన్న మోచేతి మీద లేచాడు. ఆ మంచం మీద ఆయనకు ఎక్కడలేని పెద్దరికం వచ్చేసింది.

"అరేయ్ శాంతయ్యా, నాకు నడుముల సూది ఇచ్చిన్రు. నేను మెలకువ మీదనే ఉన్న. కత్తెర చప్పుడు ఇన్న. నీకు మత్తిచ్చి పీనుగు లెక్క పండుకోబెట్టిరి. పొట్టల గాలి కొట్టిరి సైకిల్ ట్యూబుకు కొట్టినట్టు. లోపట ఏం చేసిన్రో, ఏం చెయ్యలేదో నీకేం ఎరుక?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే నిజంగానే నాకు తెలియదు. కళ్ళు మూసేటప్పుడు తల మీద పెద్ద లైటు, తెరిచేటప్పుడు విజయమ్మ ముఖం. నడుమ ఏమైందో నా ఒంటికే తెలియదు.

"నాకు రెండు దిక్కుల జారింది" అన్నాను. "కోస్తే రెండు కోతలు కొయ్యాలె. కెమెరాతోనయితే అవే మూడు చిల్లులల్ల రెండూ అయిపోతయని డాక్టరు సారు చెప్పిండు. లోపట ఏసే జాలి ఇద్దరికీ ఒక్కటే. దారే వేరు. నీకు ముందట నుంచి ఏసిరి, నాకు ఎనుక నుంచి ఏసిరి."

"దొడ్డి దారి అన్నట్టు!" అన్నాడు అన్న. భీమమ్మ కళ్ళు తుడుచుకుంది, నవ్వి నవ్వి.

నవ్వులాటలాగే ఉంది కదా? కాదు. ఆ నవ్వుల కింద మా బోరు పొలం ఉంది.

మా నాయిన మాకు విడిచిపోయింది బోరు కింద యాభై నాలుగు గుంటలు, ఎకరం మీద ఇంకో పద్నాలుగు. చెరి సగం. బోరు నా సగంలో పడింది. ఏటా ఇద్దరం కలిసి సీడు పత్తి పెడతాం. సీడు పత్తి అంటే మామూలు పత్తి కాదు, కంపెనీకి విత్తనం కోసం పండించేది. ఆడ సాళ్ళలో విచ్చబోయే మొగ్గలను మధ్యాహ్నం గిల్లి సిద్ధం చేయాలి. పొద్దున మగ పువ్వు తెచ్చి ఒక్కొక్క దానికి తాకించాలి. దాన్నే క్రాసింగు అంటారు. అది మొదలైతే రెండు నెలలు ఆదివారం కూడా ఉండదు. ఒక్క పూట రైతు మళ్ళల్లో లేకపోతే కూలీలు మొగ్గలు వదిలేస్తారు, విత్తనం కల్తీ అవుతుంది, కంపెనీ వద్దంటుంది.

కంపెనీకి మాకు నడుమ ఉన్న ఆర్గనైజరు రామచంద్రయ్య ఇద్దరమూ దవాఖాన పాలయ్యామని తెలిసి, పోయిన వారమే మోటరు సైకిలు దిగకుండా చెప్పిపోయాడు: "సగం రోగం, సగం వ్యవసాయం నాకొద్దు. సోమవారం క్రాసింగు మొదలు. ఆ పొద్దు మందు కొట్టే పంపు ఎత్తుకుని మళ్ళల్ల నిలబడ్డోడే రైతు. ప్లాటంతా ఆయన పేరు మీదనే రాస్త. రెండోవాడు ఆయన చెప్పినట్టు నడుచుకోవాలె."

పుట్టిన కాడి నుంచి నేను మాసయ్య చెప్పినట్టే నడుచుకున్నాను. సోమవారం నాడు అది తిరగబడేలా ఉంది.

* * *

సోమవారం పొద్దున పొలం గట్టు మీద తిరునాళ్ళలా ఉంది. కూలి ఆడవాళ్ళు తలగుడ్డలు చుట్టుకుని నిలబడ్డారు. పనిలేని మగవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. "కోతోడా, చిల్లులోడా?" అని పందేలు కాస్తున్నారట. అన్నను ఆటోలో తెచ్చారు. గజ్జ మీద చెయ్యి పెట్టుకుని, పసిబిడ్డ అడుగులు వేస్తూ గట్టు దాకా వచ్చి, అక్కడే రాయి మీద కూర్చున్నాడు.

"ఎవరు లేస్తరు?" అన్నాడు రామచంద్రయ్య.

మందు పంపు నిండుగా ఉంది. విజయమ్మ నా చెవి దగ్గరికి వచ్చింది.

"డాక్టరు సారు నడువొచ్చన్నడు, సైకిలెక్కొచ్చన్నడు. గింత బరువు ఇప్పుడే వద్దన్నడు. సగం నీళ్ళు పారబోద్దాం."

"అందరు చూస్తున్నరు. సగం పంపు ఎత్తితే సగం మొగోడంటరు."

"అనుకోనీ!"

నేను వినలేదు. మోకాలి మీద వంగి, పట్టీలు భుజాలకు వేసుకుని లేచాను. లేచాను! ఎక్కడా నొప్పి లేదు. ఒక సాలు ఆ కొస దాకా నడిచాను. తిరిగి వచ్చాను. ఇంకో సాలు నడిచాను. నా వెనక ఆడవాళ్ళు కేకలు, చప్పట్లు. నలభై ఆరేళ్ళలో నా కోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఛాతీ పగిలిపోతుందేమో అనిపించింది.

"ఓ శాంతన్నా, మాక్కూడ మూడు చిల్లులు పెట్టియ్యరాదు!" అని ఎవరో అరిచారు.

రామచంద్రయ్య నా వీపు తట్టాడు. "ఇగ నువ్వే రైతు."

నేను అన్న వైపు చూశాను. ఆయన నన్ను చూడటం లేదు. నా బోరు నుంచి పారుతున్న నీళ్ళను చూస్తున్నాడు.

* * *

ఆ సాయంత్రం స్నానానికి నీళ్ళు పోసుకుంటుంటే చేతికి తగిలింది.

కుడి గజ్జలో, ఇంతకు ముందు పేగు జారి ఉబ్బిన చోటే, కోడిగుడ్డంత గడ్డ.

చెంబు చేతిలోంచి జారింది. ఆ చప్పుడుకు విజయమ్మ తడిక తోసుకుని లోపలికి వచ్చింది. ఆమె ఆ గడ్డను చూసింది, నా ముఖం చూసింది, గోడకు ఆనుకుంది.

"మళ్ళ జారింది" అన్నాను.

"పంపు ఎత్తకు అంటి కద."

"మళ్ళ జారింది విజయమ్మా!"

నా ఏడుపు పక్కింటి దాకా వినబడింది. పక్కిల్లు అన్నదే. ఆయన, వదిన ఇద్దరూ వచ్చారు. నన్ను మంచం మీద పడుకోబెట్టి అన్న స్వయంగా చూశాడు. రెండు వేళ్ళతో నొక్కాడు. నొక్కి, తల పక్కకు తిప్పుకున్నాడు.

వదిన వంగి చూసి, "ఇది గదే కదా, గా వనపర్తిల..." అని ఏదో అనబోయింది.

"నువ్వు లోపటికి పో" అన్నాడు అన్న.

"అది కాదయ్యా..."

"పొమ్మంటున్న కద! మొగోళ్ళు మాట్లాడుతున్న కాడ నీకేం పని?"

వదిన పోయింది. నేనేమో ఆయన నన్ను చూసి దుఃఖపడుతున్నాడనుకున్నాను. మూర్ఖుణ్ణి.

అన్న మంచం పట్టె మీద మెల్లగా కూర్చున్నాడు. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే ఎలా మాట్లాడేవాడో అలా మాట్లాడాడు.

"తమ్మీ, అయ్యింది అయ్యింది. ఒకసారి జాలి ఏసినంక మళ్ళ జారితే రెండోసారి శాన కష్టమంటరు. అట్లయితే బరువు పనికి ఇగ రారంటరు."

"సీడు ఎట్లనే అన్నా? పేరు నాది రాసిండు."

"అదే నా పరేషాన్. రేపు నువ్వు మంచంల ఉన్నవని తెలిస్తే ఆయన ప్లాటే తీసేస్తడు. ఇద్దరికీ మన్ను. ఒక పని చెయ్యి. నీ సగం నాకియ్యి. గుట్ట కింద నా చెల్క ఉన్నది కద, పూర ఎకరం. అది నువ్వు తీసుకో. కందులు ఏసుకో, జొన్నలు ఏసుకో. పంపు లేదు, క్రాసింగు లేదు. వాన పడితే పండుతది. నా కుట్లు ఎండుతున్నయి. నేను పెద్దోన్ని, బరువు నా మీదికి రానియ్యి."

"గుట్ట కింద చెల్కనా?" అని విజయమ్మ ముందుకు వచ్చింది. "రాళ్ళు తప్ప అండ్ల ఏమున్నది బావా? ముందుగాల కర్నూలు పోయి సారుకు చూపిస్తం. తర్వాత మాట్లాడుకోవచ్చు."

"పోండ్రి. ఎవరు వద్దన్నరు? మీరు పోయొచ్చేసరికి రామచంద్రయ్య ఇంకొకరికి రాసిస్తడు. అప్పుడు నన్ను అనొద్దు."

"అయ్యా, ఇప్పుడే మాట ఇయ్యకు" అని విజయమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఒక్క పొద్దు ఆగు. నొప్పి ఉన్నదా చెప్పు. ఉన్నదా?"

"లేదు."

"మరి నొప్పి లేకుంటె పేగెట్ల అయితది?"

ఆమె అడిగింది సరైన ప్రశ్న. నేను దానికి జవాబు చెప్పకుండా, "నువ్వు డాక్టరువా?" అని అరిచాను. ఆమె చెయ్యి వదిలేసింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం కుండ మూత కూడా తీయలేదు.

తెల్లవారి చర్చి అరుగు మీద, చర్చి పెద్ద యోహాను ముందు కాగితం రాశారు. నేను సంతకం పెట్టాను. అన్న నా భుజం మీద చెయ్యి వేసి, "నీ మంచికే" అన్నాడు. విజయమ్మ అరుగు ఎక్కలేదు. బస్సు ఛార్జీలు కొంగున ముడేసుకుని రోడ్డు మీద నిలబడింది.

* * *

కర్నూలు డాక్టరు చిన్న వయసువాడు. గడ్డ మీద వేళ్ళు ఆనించి, "దగ్గు" అన్నాడు.

దగ్గాను.

"ఇంకా గట్టిగా."

దగ్గాను. విజయమ్మ కళ్ళు మూసుకుంది.

"కదల్లేదు. పేగైతే దగ్గినప్పుడు చేతికి తన్నుతుంది." స్కానింగు మిషను పెట్టి కూడా చూశాడు. తెర మీద నల్లగా ఒక మచ్చ కనిపించింది. "నీళ్ళు!"

"నీళ్ళా?"

"పేగు ఉబ్బుకుని ఉన్న చోటు ఇప్పుడు ఖాళీ అయింది కదా. ఆ ఖాళీలో నీరు చేరింది. అంతే. జాలి చక్కగా కూర్చుంది. దీన్ని పొడవొద్దు, పిసకొద్దు. కొన్ని వారాల్లో దానంతట అదే ఇంకిపోతుంది. ఇంటికి పంపేటప్పుడు చెప్పినాం కదయ్యా, వాపు వస్తే భయపడొద్దని?"

చెప్పే ఉంటారు. ఆ రోజు నేను, "సైకిలు ఎప్పుడెక్కాలె సారూ" అన్న ఒక్క ముక్కే పదిసార్లు అడుగుతున్నాను.

"మరి బరువు ఎత్తిన సారూ. పదహారు లీటర్ల పంపు."

"తొందరపడ్డావు. నెల దాకా వద్దు. కానీ ఏం తెగలేదు. తర్వాత నీ పని నువ్వు చేసుకోవచ్చు, అన్ని పనులూ."

"మాయన్నకు కోసి చేసిన్రు సారూ. ఏది మంచిది?" అని విజయమ్మ అడిగింది. ఆ గొడవ ఆమెకు ఇంకా తీరలేదు.

"రెండూ మంచివేనమ్మా, చేసే చెయ్యి బాగుంటే. కోసి చేస్తే నొప్పి కొంచెం ఎక్కువ రోజులుంటుంది, కానీ పూర్తి మత్తు అక్కర్లేదు. దీనికి పూర్తి మత్తు కావాలి, ఖర్చు ఎక్కువ, పనిలోకి తొందరగా పోవచ్చు. మీ ఆయనకు రెండు వైపులా ఉంది కాబట్టి ఇది నయం. మీ బావగారికి ఒకవైపే కాబట్టి అది చాలు."

దవాఖాన మెట్లు నేను దిగలేదు, దూకాను. విజయమ్మ ఏడుస్తూ నవ్వుతూ నా అంగీ పట్టుకుని వెనక్కి లాగింది. బస్సులో పక్క సీటు ముసలాయనకు కూడా చెప్పాను, "నీళ్ళేనంట తాతా, ఉత్త నీళ్ళు!" అని. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అయినా సంతోషపడ్డాడు. కర్నూలు దాటి వంతెన మీదికి వచ్చేసరికి ఏటి గాలి నా ముఖానికి కొట్టింది. అన్నకు చెబుతాను, కాగితం చింపేస్తాడు. పెద్దోడు కదా, నా మంచికే కదా.

* * *

"అన్నా! నీళ్ళేనంట!"

వాకిట్లోకి ఉరుకుతూనే అరిచాను. అన్న మంచం మీద గంజి తాగుతున్నాడు. గిన్నె కింద పెట్టలేదు.

"ఏం నీళ్ళు?" అని ఆయన అడగాలి. ఎవరైనా అదే అడుగుతారు.

ఆయన అడగలేదు. ఇంకో గుక్క తాగాడు.

నా నవ్వు నోట్లోనే ఆగిపోయింది. నా వెనక విజయమ్మ కూడా ఆగిపోయింది.

"నీకు ఎరుకేనా?" అన్నాను.

ఆయన గిన్నెలోకి చూస్తున్నాడు.

"అన్నా, నిన్నే! నీకు ఎరుకేనా?"

గుమ్మంలో నిలబడిన వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను చెప్దామంటె నన్ను లోపటికి పొమ్మనె" అంది. "రెండు ఆపరేషన్లకు తేడా ఏందని ఈయనే అడిగిండు వనపర్తి సారును. కెమెరాతో చేస్తె కొందరికి నీరు చేరి గడ్డ లెక్క కనవడతది, మళ్ళ జారిందనుకుని పరేషాన్ అయితరు, అది దానంతట అదే పోతదని సారు చెప్పిండు. మేమిద్దరం ఇన్నం."



"థూ!" అంది విజయమ్మ. ఎదురు మాట్లాడినా బావ మీద ఎన్నడూ అరవని మనిషి. "తమ్ముడు పసిపిల్లగాని లెక్క ఏడుస్తుంటే చూసుకుంట కూసున్నవు గదా బావా!"

అన్న గిన్నె నేలకు కొట్టాడు. గజ్జ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"మరి నేను ఎన్ని నెలలు మంచంల ఉండాలె? వీడు పంపెత్తుకుని ఊరేగుతడు, నేను గట్టు మీద కూసోవాల్నా? రేపు వీని కింద కూలికి పోవాల్నా? నేను అబద్ధం చెప్పిన్నా? ఒక్క అబద్ధం చెప్పిన్నా?"

చెప్పలేదు. నిజమే. ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

"కాగితం తియ్యి అన్నా" అన్నాను. "చించేద్దాం."

"యోహాను ముందట రాసుకున్నది. నువ్వు తెలివితోనే సంతకం పెట్టినవ్. మత్తుల పెట్టలే."

విజయమ్మ దండెం మీది తలగుడ్డ లాక్కుని చుట్టుకుంది. కూలి ఆడవాళ్ళు మధ్యాహ్నం మొగ్గలకు పోయే వేళ. వాళ్ళకంటే ముందే ఆమె పొలం దారి పట్టింది.

"ఏడికి?" అని అన్న అరిచాడు.

"నా మళ్ళల్లకు. మొగ్గలు ఎవరు గిల్లుతరు? నన్ను గుంజెయ్యాలంటె వంగి లేవాలె బావా. నీ కుట్లు జర పైలం!"

అన్న ఆమె వెంట బయలుదేరాడు. ఒక చెయ్యి గజ్జ మీద, ఒక చెయ్యి వదిన భుజం మీద. రోడ్డు మలుపులో రామచంద్రయ్య మోటరు సైకిలు చప్పుడు వినిపిస్తోంది. ఆయన వచ్చేసరికి అన్న, విజయమ్మ ఇద్దరిలో ఎవరు ఆ గట్టు మీద ఉంటారో తెలియదు.

నేను వాకిట్లోనే నిలబడ్డాను. చెయ్యి దానంతట అదే గజ్జ మీదికి పోయింది. గడ్డ అక్కడే ఉంది, మెత్తగా, నొప్పి లేకుండా. గుప్పెడు నీళ్ళు. దానికి భయపడి నేను మాసయ్యకు రాసిచ్చింది ఇరవై ఏడు గుంటలు, అందులో ఉన్న బోరు.